తీసేశాక కూడా కరెంటు ఎందుకు? రొమ్ము క్యాన్సర్ సర్జరీ తర్వాత రేడియేషన్ లెక్కలు

"రొమ్మంతా తీసేశారు కదండీ, మళ్లీ కరెంటు ఎందుకంట?"

రేడియేషన్ గది బయట బల్ల మీద కూర్చున్న ఆడవాళ్లలో కొత్తగా వచ్చినావిడ అడిగే మొదటి ప్రశ్న ఇదే. రెండోది ఆ వెనకే వస్తుంది. "ఆవిడకి ఇరవై ఐదు పెడతామన్నారు, నాకు పదిహేనే అన్నారు. నాకు తక్కువ పెడుతున్నారా, ఆవిడకి ముదిరిపోయిందా?"

2025 వేసవిలో మా పిన్నికి తోడుగా అమలాపురం నుంచి కాకినాడకు మూడు వారాల పైన తిరిగాను. ఆ మార్చిలోనే బిక్కవోలు మండలం బలభద్రపురంలో క్యాన్సర్ కేసులు ఎక్కువున్నాయని పేపర్లలో రావడం, వైద్య బృందాలు ఇంటింటికీ తిరగడం జరిగాయి. బస్సులో, టీ బడ్డీ దగ్గర ఎక్కడ చూసినా అదే మాట. మాట ఎంత తిరిగినా ఆ రెండు ప్రశ్నలకు మాత్రం బల్ల మీద సరైన జవాబు దొరకలేదు. డాక్టరుగారికి ఒక్కో మనిషితో మాట్లాడే తీరిక అయిదు నిమిషాలు. పక్కావిడకు ఉన్న తీరిక అయిదు గంటలు. ఎవరి మాట మనసులో నాటుకుంటుందో చెప్పక్కర్లేదు.

కరెంటు పేరే గానీ కరెంటు కాదు

రేడియేషన్‌ను మనవైపు 'కరెంటు పెట్టడం' అంటారు. ఆ పేరు వినే సగం మంది హడలిపోతారు. షాకు కొడుతుందేమోనని పిన్ని మొదటి రోజు మెడలో గొలుసు, కాలి మెట్టెలు కూడా తీసి నా చేతిలో పెట్టింది. నిజానికి ఒంట్లోకి విద్యుత్తు ఏమీ వెళ్లదు. వెళ్లేవి ఎక్స్‌రేలు. చేయి విరిగితే ఫొటో తీసే జాతివే, కాకపోతే చాలా బలమైనవి. మామూలు ఎక్స్‌రే మిషను సుమారు లక్ష వోల్టుల మీద పనిచేస్తే, రేడియేషన్ ఇచ్చే లీనియర్ యాక్సిలరేటర్ సాధారణంగా 60 లక్షల వోల్టుల స్థాయి కిరణాలను పుట్టిస్తుంది. పాత రకం కోబాల్ట్ మిషను వేరు. అందులో కోబాల్ట్-60 అనే లోహమే కిరణాలను వదులుతూ ఉంటుంది. దాని బలం అయిదేళ్ల మూడు నెలలకు సగానికి పడిపోతుంది కాబట్టి, లోహం పాతబడేకొద్దీ అంతే డోసుకు ఎక్కువసేపు పడుకోవాలి.

ఇక 'వేడి' సంగతి. కరెంటు పెడితే ఒళ్లు వేడి చేస్తుందని కొబ్బరినీళ్లు, మజ్జిగ, సబ్జా గింజలు పట్టుకొచ్చే చుట్టాలకు లోటుండదు. కోనసీమలో కొబ్బరిబోండానికి కరువేముంది, తాగితే మంచిదే. కానీ ఆ వేడి ఎంతో ఒకసారి లెక్క వేద్దాం. రేడియేషన్ డోసును 'గ్రే'లలో కొలుస్తారు. ఒక గ్రే అంటే కిలో కండలో ఒక జౌలు శక్తి దిగడం. పిన్నికి ఒక్కో సిట్టింగులో, అంటే మిషను కింద పడుకున్న ఒక్కో విడతలో, ఇచ్చింది 2.67 గ్రేలు. అంత శక్తికి ఆ చోట ఉష్ణోగ్రత డిగ్రీలో వెయ్యో వంతు కూడా పెరగదు. పదిహేను సిట్టింగులూ ఒకేసారి ఇచ్చేసినా పెరిగేది డిగ్రీలో నూరో వంతు. గుక్కెడు వేడి టీ అంతకన్నా ఎక్కువ వేడి చేస్తుంది. రేడియేషన్ కణాన్ని కాల్చదు. కణం లోపల ఉండే డీఎన్ఏ పోగును తెంపుతుంది. ఆ తెగిన పోగుతో కణం రెండుగా చీలి పెరగబోయినప్పుడు చస్తుంది. అందుకే దాని ప్రభావం ఆ పూటకు కనిపించదు, వారాల మీద తెలుస్తుంది.

మూడో భయం పిల్లలది. పిన్ని మనవణ్ని పది రోజులు దగ్గరకు రానివ్వలేదు. స్విచ్ ఆపాక బల్బు వెలుగు గదిలో మిగలనట్టే, బయటి నుంచి ఇచ్చే రేడియేషన్ మిషను ఆగాక ఒంట్లో మిగలదు. పిల్లల్ని ఎత్తుకోవచ్చు, పక్కలో పడుకోబెట్టుకోవచ్చు. ఈ భయం థైరాయిడ్ రోగుల దగ్గర నుంచి పాకి వచ్చినట్టుంది. వాళ్లకిచ్చే రేడియో అయోడిన్ మందు మాత్రం కొన్నాళ్లు ఒంట్లోనే ఉంటుంది కాబట్టి దూరం పాటించమంటారు. అది వేరే వైద్యం.

గడ్డ పోయినా చేలో మిగిలే గింజ

వరి చేలో ఊద దుబ్బు కనిపిస్తే వేళ్లతో సహా పీకేస్తాం. అంతటితో ఊద పోయిందని ఏ రైతూ అనుకోడు. కంటికి కనిపించని గింజ మట్టిలో ఉంటుంది. సర్జరీ దుబ్బును పీకడం. రేడియేషన్ ఆ మడి వరకు గింజ మొలవకుండా చూడటం. కీమో, హార్మోను మాత్రలు రక్తం ద్వారా ఒళ్లంతా తిరిగేవి, అంటే ఒక మడికి కాదు, ఆయకట్టు మొత్తానికి. "కీమో ఎక్కించారుగా, ఇదెందుకు?" అన్న మాటకు జవాబు ఇక్కడే ఉంది. సర్జరీ జరిగిన చోట రక్తప్రసరణ సరిగా అందని మచ్చ కణజాలం ఉంటుంది. కీమో ఒక్కదానితో ఆ మడి శుభ్రపడుతుందన్న భరోసా లేదు.

రొమ్ము ఉంచి గడ్డ మాత్రమే తీస్తే రేడియేషన్ దాదాపు తప్పనిసరి. ఎందుకో అమెరికాలో బెర్నార్డ్ ఫిషర్ బృందం చేసిన అధ్యయనం చూపించింది. 2002లో 20 ఏళ్ల ఫలితాలు వచ్చాయి. గడ్డ తీయించుకుని రేడియేషన్ తీసుకోనివారిలో అదే రొమ్ములో జబ్బు తిరగబెట్టింది 39.2 శాతం మందికి. తీసుకున్నవారిలో 14.3 శాతానికి.

దీన్ని వందమంది లెక్కలో పెడదాం. మన మండలంలో అలా సర్జరీ అయినవాళ్లు వందమంది ఉన్నారనుకోండి. రేడియేషన్ లేకుండా వదిలేస్తే ఇరవై ఏళ్లలో 39 మందికి తిరగబెట్టేది. అందరికీ ఇస్తే 14 మందికి. అంటే 25 మంది గట్టెక్కారు. మరి 61 మందికి అది లేకపోయినా అక్కడ తిరగబెట్టేది కాదు. 14 మందికి ఇచ్చినా ఆగలేదు. ఆ 25 మంది ఎవరో ముందుగా ఎవరూ చెప్పలేరు, అందుకే వందమందికీ ఇస్తారు. "ఫలానావిడ తీసుకోలేదు, బాగానే ఉందిగా" అనే మాటా నిజమే, "తీసుకున్నా వచ్చిందిగా" అనే మాటా నిజమే. రెండూ ఈ లెక్కలోనే ఉన్నాయి.

ప్రాణం సంగతేమిటి? ఆ ఒక్క అధ్యయనంలో బతికినవారి శాతంలో స్పష్టమైన తేడా రాలేదు. 17 అధ్యయనాల్లోని 10,801 మంది వివరాలు కలిపి 2011లో లెక్కేస్తే, 15 ఏళ్లలో రొమ్ము క్యాన్సర్ మరణాలు 25.2 శాతం నుంచి 21.4 శాతానికి తగ్గినట్టు తేలింది. వందకు నలుగురు.

ఇక రొమ్మంతా తీసేసినవారి సంగతి. మన దగ్గర చాలామంది గడ్డ పెద్దదయ్యాకే వస్తారు కాబట్టి ఇది ఎక్కువ. రొమ్ము తీసినా దాని అడుగున ఛాతీ గోడ, పైన మిగిలిన చర్మం, చంకలో, మెడ కింద మిగిలిన బిళ్లలు (లింఫ్ గ్రంథులు) అక్కడే ఉంటాయి. గడ్డ 5 సెంటీమీటర్లు దాటినా, చర్మానికో ఛాతీ గోడకో పాకినా, చంకలో తీసిన బిళ్లల్లో నాలుగు లేక అంతకంటే ఎక్కువ వాటిలో క్యాన్సర్ కనిపించినా రేడియేషన్ అవసరమన్న దాంట్లో పెద్దగా పేచీ లేదు. చిన్న గడ్డ, బిళ్లలన్నీ శుభ్రం అయితే చాలావరకు అక్కర్లేదు. పేచీ అంతా ఒకటి నుంచి మూడు బిళ్లల దగ్గరే. దాని సంగతి తర్వాత చెప్తాను.

ఇరవై ఐదు, పదిహేను, అయిదు

మొత్తం డోసును ఒక్క రోజులో ఇచ్చేస్తే మంచి కండ కూడా కోలుకోదు. కలుపుమందు కొట్టిన నాలుగు రోజులు వరి కూడా పసుపెక్కి, తర్వాత తేరుకుని పచ్చబడటం చూసినవాళ్లకు ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. మంచి కణాలు తెగిన పోగును అతుక్కోగలవు, క్యాన్సర్ కణాలకు ఆ నేర్పు తక్కువ. రోజుకు కాస్త ఇచ్చి మధ్యలో విరామం వదలడం అందుకే. అయితే ఎంత కాస్త?

చాలా ఏళ్లు నడిచిన పద్ధతి రోజుకు 2 గ్రేల చొప్పున 25 సిట్టింగులు, మొత్తం 50 గ్రేలు, అయిదు వారాలు. ఒక్కో సిట్టింగులో డోసు కాస్త పెంచితే దాని కాటు పెంచినదానికన్నా ఎక్కువే ఉంటుంది, కాబట్టి మొత్తం తగ్గించాలి. బ్రిటన్‌లో 40 గ్రేలను 15 సిట్టింగుల్లో ఇచ్చి 50 గ్రేలతో పోల్చారు. 2013లో వచ్చిన పదేళ్ల ఫలితాల్లో తిరగబెట్టడం పెరగలేదు, రొమ్ము కుంచించుకుపోవడం లాంటి బాధలు కాస్త తగ్గాయి కూడా. కెనడాలో 16 సిట్టింగులతో చేసిన అధ్యయనమూ 2010లో అదే చెప్పింది. ఆ తర్వాత బ్రిటన్‌వాళ్లు మరో అడుగు వేశారు. ఒక్క వారంలో అయిదు సిట్టింగులు, మొత్తం 26 గ్రేలు. 2020లో వచ్చిన అయిదేళ్ల ఫలితాల్లో అదే రొమ్ములో తిరగబెట్టింది 15 సిట్టింగులవారిలో 2.1 శాతం, 26 గ్రేలవారిలో 1.4 శాతం. అదే అధ్యయనంలో 27 గ్రేలు తీసుకున్నవారికి మాత్రం రొమ్ము గట్టిపడటం, వాపు ఎక్కువగా కనిపించాయి. ఒక్క గ్రే తేడాకే.

కాబట్టి బల్ల మీది రెండో ప్రశ్నకు జవాబు ఇది: సిట్టింగుల సంఖ్య జబ్బు ముదురుదనాన్ని కొలిచే గజం కాదు. 25 చెప్పారంటే ముదిరిందనీ కాదు, 5 చెప్పారంటే పైపైన కానిచ్చేస్తున్నారనీ కాదు. రొమ్మును మళ్లీ కట్టే సర్జరీ జరిగితే కొందరు డాక్టర్లు పాత పద్ధతికే మొగ్గుతారు. గడ్డ మాత్రమే తీసినవారిలో, ముఖ్యంగా వయసు తక్కువైతే, గడ్డ ఉన్న చోటికి విడిగా నాలుగైదు 'బూస్ట్' సిట్టింగులు కలుపుతారు. అప్పుడు 15 కాస్తా 20 అవుతుంది. అయిదు సిట్టింగుల పద్ధతి మీద ఇంకా ఎక్కువ ఏళ్ల ఫలితాలు చూడాలనేవారూ ఉన్నారు.

ఈ తేడా డెల్టాలో ఉండేవారికి కాగితం మీది తేడా కాదు. అమలాపురం నుంచి ముమ్మిడివరం, ఎదుర్లంక వంతెన, యానాం మీదుగా కాకినాడ 60 కిలోమీటర్లకు అటూఇటూ. రానూపోనూ 120. ఇరవై ఐదు సిట్టింగులకు 3,000 కిలోమీటర్లు. పదిహేనుకు 1,800. అయిదుకు 600. ఆరోగ్యశ్రీ (ఇప్పుడు పేరు ఎన్టీఆర్ వైద్య సేవ, మన నోట మాత్రం పాత పేరే) రేడియేషన్ ఖర్చు భరిస్తుంది. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ లేదు. తోడు వచ్చే మగమనిషి టికెట్టు, అతని రోజు కూలి మాత్రం ఎవరూ ఇవ్వరు. ఆ బల్ల మీదే ఒకావిడ కొడుకు తొమ్మిదో సిట్టింగు నుంచి రావడం మానేశాడు. ఆవిడ ఒంటరిగానే వచ్చేది.

మధ్యలో రెండు రోజులు మిషను పాడైంది. పొద్దున్నే నాలుగున్నరకు లేచి వెళ్లినవాళ్లం ఉసూరుమంటూ వెనక్కి వచ్చాం. ఫోను చేసి చెప్పే నాథుడు లేడు. పోయిన సిట్టింగులను చివర్లో కలుపుతారు, ఒకటి రెండు రోజుల అంతరానికి వైద్యం చెడిపోదు. వారాల తరబడి మానేస్తేనే ఇబ్బంది.

ఆ గదిలో పది నిమిషాలు

పిన్ని మొదటి తేదీ వాయిదా పడింది. కారణం జబ్బు కాదు, చెయ్యి. పడుకున్నప్పుడు ఆ వైపు చెయ్యి తల మీదుగా పైకెత్తి ఉంచాలి. సర్జరీ అయిన తర్వాత నొప్పికి భయపడి చెయ్యి కదపకుండా ఉంచుకోవడంతో భుజం బిగుసుకుపోయింది. గోడకెదురుగా నిలబడి వేళ్లను పైకి పాకించే వ్యాయామం చెప్పి పంపారు. ఆవిడ రోజూ వేళ్లు అందిన చోట వంటింటి గోడ మీద పసుపు చుక్క పెట్టుకునేది. పది రోజులకు పది చుక్కలు, చివరిది గూటి పైన.

తర్వాత సీటీ సిమ్యులేషన్. ఏటవాలు పలక మీద పడుకోబెట్టి స్కాన్ తీసి, ఒంటి మీద గీతలు గీస్తారు. రోజూ అదే భంగిమలో, మిల్లీమీటర్ల తేడాతో పడుకోబెట్టడానికి ఆ గీతలే ఆనవాలు. కొన్నిచోట్ల చెరగని చుక్క పచ్చబొట్టులా పొడుస్తారు. మా పిన్నికి ఇంకుతో గీశారు. మే నెల, ఉక్కపోత, ఏసీ లేని బస్సు. ఇంటికి వచ్చేసరికి గీత సగం రవికకు అంటుకునేది. మర్నాడు టెక్నీషియన్ అమ్మాయి మళ్లీ దిద్ది పైన పారదర్శకపు స్టిక్కర్ అంటించేది. మూడో రోజు నుంచి పిన్ని రవిక మానేసి బాబాయి పాత కాటన్ చొక్కా వేసుకొచ్చింది.

గదిలో ఉండేది పది పదిహేను నిమిషాలు, కిరణం పడేది అందులో రెండు మూడు నిమిషాలే. మిగతాదంతా సర్దుబాటు. నొప్పి ఉండదు. అందరూ బయటికి వెళ్లిపోతారు, బరువైన తలుపు మూసుకుంటుంది, మిషను గుయ్యిమంటుంది, మైకులో "కదలకండమ్మా" అని వినిపిస్తుంది. "నొప్పేం లేదురా, ఆ తలుపు మూసినప్పుడే ఎవరూ లేనట్టుంటుంది" అంది పిన్ని. కరపత్రాల్లో ఈ మాట నేను చూడలేదు.

ఎడమ వైపు లెక్క

ఎడమ రొమ్ము కింద గుండె ఉంది కాబట్టి అక్కడ జాగ్రత్త ఎక్కువ. 2013లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం ప్రకారం గుండెకు సగటున పడే ప్రతి గ్రేకు గుండెపోటు లాంటి ముప్పు 7.4 శాతం పెరుగుతుంది. వినడానికి హడలెత్తించే అంకె. మనుషుల్లోకి మారిస్తే ఇలా ఉంటుంది: గుండె జబ్బు ముప్పులేవీ లేని యాభై ఏళ్ల ఆడవాళ్లు వెయ్యిమందిలో ఎనభై ఏళ్లలోపు గుండె జబ్బుతో పోయేవారు 19 మంది అయితే, గుండెకు సగటున 3 గ్రేలు పడినవారిలో 24 మంది. వెయ్యికి అయిదుగురు ఎక్కువ. బీపీ, షుగరు ఉంటే మొదటి అంకే పెద్దది, కాబట్టి పెరిగేదీ ఎక్కువే. దీన్ని తగ్గించడానికే చాలాచోట్ల ఎడమవైపు వారికి ఊపిరి లోపలికి పీల్చి బిగబట్టమంటారు. ఊపిరితిత్తులు ఉబ్బితే గుండె ఛాతీ గోడకు కాస్త దూరం జరుగుతుంది, ఆ ఇరవై సెకన్లలో కిరణం వేస్తారు.

చర్మం, నీరసం, తర్వాత వచ్చేవి

జుట్టు ఊడదు. ఊడితే ఆ వైపు చంకలోదే. తల వెంట్రుకలు పోవడం కీమో పని.

పుస్తకాల్లో చర్మం 'ఎర్రబడుతుంది' అని రాస్తారు. మన ఒంటి రంగుకు ఎరుపు సరిగా కనిపించదు, ముందు నలుపెక్కుతుంది. పిన్నికి పదో సిట్టింగు నాటికి ఛాతీ మీద చతురస్రంగా, ఇస్త్రీపెట్టె పెట్టినట్టు నల్లబడింది. అసలు ఆశ్చర్యం తర్వాత. చివరి సిట్టింగు అయిపోయి "హమ్మయ్య" అనుకున్న వారానికి చంక కింద పొర లేచి రసి కారింది. వైద్యం వికటించిందని ఇంట్లో ఒకటే టెన్షన్. చర్మం అడుగున కొత్త కణాలు పుట్టడం ఆగి, పైపొర అరిగేసరికి కొన్నాళ్లు పడుతుంది కాబట్టి సిట్టింగులు ముగిసిన ఒకటి రెండు వారాలకే అది ఎక్కువగా కనిపిస్తుంది. తర్వాత మానుతుంది. పిన్నికి మూడు వారాలు పట్టింది.

కొబ్బరినూనె రాయాలా వద్దా అన్నది కోనసీమలో కోర్టుకెక్కాల్సినంత తగువు. కొందరు డాక్టర్లు తేలికపాటి క్రీములు రాసుకోనిస్తారు, కొందరు ఏమీ వద్దంటారు. వెనకున్న లెక్క ఒకటే. ఈ బలమైన కిరణాలు పూర్తి డోసును చర్మం మీద కాక ఒకటిన్నర సెంటీమీటర్ల లోతున దించుతాయి, అలా చర్మం కొంత తప్పించుకుంటుంది. సిట్టింగుకు ముందు మందంగా ఏదైనా పూస్తే ఆ పూతే చర్మం పాత్ర వేస్తుంది, అసలు చర్మానికి డోసు పెరుగుతుంది. రొమ్మంతా తీసినవారిలో కొందరికి చర్మానికి కూడా డోసు కావాలి. వారికి డాక్టర్లే కావాలని జెల్లీలాంటి పలకను ఛాతీ మీద పరుస్తారు.

నీరసం నిద్రతో తీరేది కాదు. వారాలు గడిచేకొద్దీ పెరిగి, అయిపోయాక కొన్ని వారాలకు తగ్గుతుంది. నెల నుంచి మూడు నెలల మధ్య పొడిదగ్గు వస్తే అది ఊపిరితిత్తి అంచుకు తగిలిన రేడియేషన్ వల్ల కావచ్చు. కొద్దిమందికే వస్తుంది, మందులతో తగ్గుతుంది, కానీ జలుబని సరిపెట్టుకుని ఆలస్యం చేసేవారున్నారు. చంక బిళ్లలు తీసి అక్కడే రేడియేషన్ కూడా ఇస్తే చెయ్యి వాచే అవకాశం పెరుగుతుంది. ఇది ఏళ్ల తర్వాత కూడా రావచ్చు. నాట్లు వేసే చేతికి, పీచు వడికే చేతికి ఇది పెద్ద నష్టం.

మానేసినా పర్వాలేదా: డాక్టర్ల మధ్య తేడాలు

2023లో వచ్చిన ప్రైమ్-2 అనే అధ్యయనం పదేళ్ల ఫలితాలు ఒక రకం రోగుల గురించి. వయసు 65 దాటినవారు, గడ్డ 3 సెంటీమీటర్ల లోపు, బిళ్లలు శుభ్రం, హార్మోను రిసెప్టర్ పాజిటివ్ (ఒంట్లోని హార్మోనుతో పెరిగే రకం), రోజూ హార్మోను మాత్ర. గడ్డ మాత్రమే తీసినవారిలో రేడియేషన్ లేకుండా ఆ రొమ్ములో తిరగబెట్టింది 9.5 శాతం, తీసుకుంటే 0.9 శాతం. బతికి ఉన్నవారు మాత్రం రెండు వైపులా దాదాపు 81 శాతం.

ఇదే అంకెను ఇద్దరు డాక్టర్లు రెండు రకాలుగా చదువుతారు. ఒకరు: ప్రాణానికి తేడా లేనప్పుడు డెబ్బై ఏళ్ల మనిషిని అన్ని రోజులు బస్సుల్లో తిప్పడం ఎందుకు? ఇంకొకరు: ఆ లెక్క మాత్ర అయిదేళ్లు వేసుకున్నవారిది, ఏటా మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే) తీయించుకున్నవారిది. ఊళ్లో మాత్ర ఆరు నెలలకు ఆపేస్తే? నాకు రెండో వాదన వైపే కొంచెం మొగ్గు, పిన్ని మాత్రల డబ్బా చూశాక. కానీ పద్ధతిగా మాత్ర వేసుకునే మనిషికి మొదటి వాదనే సరిపోతుంది.

ఒకటి నుంచి మూడు బిళ్లల పేచీ కూడా ఇలాంటిదే. రొమ్మంతా తీసినవారి పాత అధ్యయనాలను కలిపి 2014లో లెక్కేస్తే రేడియేషన్ వల్ల తిరగబెట్టడమూ, మరణాలూ తగ్గాయి. కానీ ఆ రోగులు ఇప్పటి కీమో, మందులు లేని కాలం వారు. ఇప్పటి మందులు అందుకున్నవారి మీద చేసిన సుప్రీమో అధ్యయనం ఫలితాలు 2025లో వచ్చాయి. మధ్యస్థ ముప్పు ఉన్నవారిలో ఛాతీ గోడకు రేడియేషన్ ఇచ్చినా ఇవ్వకున్నా పదేళ్లకు బతికినవారి శాతంలో తేడా కనిపించలేదు. దాంతో ఇక అక్కర్లేదనేవారు కొందరు. వయసు చిన్నది, గడ్డ రకం దూకుడుది, మూడు బిళ్లలూ పాజిటివ్ అయినప్పుడు ఆ సగటును నమ్ముకోలేమనేవారు కొందరు. ఒకే రిపోర్టుకు రాజమండ్రిలో ఒక మాట, విశాఖలో ఒక మాట వినిపిస్తే ఇద్దరిలో ఒకరికి వైద్యం రాదని కాదు.

డిశ్చార్జి కాగితం మీద ఒక్క వరస

అంతా అయ్యాక చేతికొచ్చే కాగితంలో ఒక వరస ఉంటుంది. పిన్నిది ఇలా ఉంది: 'లెఫ్ట్ చెస్ట్ వాల్ + ఎస్‌సీఎఫ్, 40 గ్రే / 15 ఫ్రాక్షన్లు, 6 ఎంవీ'. ఎడమ ఛాతీ గోడకూ, కాలర్ బోన్ పైనున్న బిళ్లల చోటుకూ, మొత్తం 40 గ్రేలు, 15 సిట్టింగుల్లో, 60 లక్షల వోల్టుల స్థాయి కిరణాలతో ఇచ్చారని అర్థం. మందుల చీటీ పోయినా మళ్లీ రాయించుకోవచ్చు గానీ, ఈ వరసకు వేరే విలువ ఉంది. ఒకసారి పూర్తి డోసు తీసుకున్న చోట మంచి కండ దాన్ని గుర్తుంచుకుంటుంది, అదే చోట మళ్లీ అంత డోసు తట్టుకోదు. పదేళ్ల తర్వాత ఏ ఊళ్లో ఏ డాక్టరు ఆ వైపు మళ్లీ రేడియేషన్ ఆలోచించినా ముందు అడిగేది ఈ లెక్కే. పిన్ని ఆ కాగితాన్ని లామినేషన్ చేయించి బీరువాలో పొలం పాస్‌బుక్కు పక్కన పెట్టింది.